ముందే చెప్పండి, మా దగ్గర ఇంతే ఉందని

"స్తోమత లేనప్పుడు ఎందుకండీ పెంచడం?"

నాతో ఈ మాట అన్నది ఒక పెద్దావిడ. 2021 డిసెంబరులో, విజయవాడలోని ఒక ప్రైవేటు క్లినిక్ వరండాలో. నా ఒళ్ళో పాత తువ్వాలులో చుట్టిన మూడు నెలల కుక్కపిల్ల ఉంది. పేరు బంటి. ముందురోజు సాయంత్రం నుంచి వాంతులు. పొద్దున్నుంచి రక్త విరేచనాలు. వాడి దగ్గర వచ్చే వాసన ఇప్పటికీ నా ముక్కుకి గుర్తుంది. కుక్కపిల్లల్ని పెంచినవాళ్ళలో కొందరికి ఆ వాసన తెలిసే ఉంటుంది.

కౌంటర్లో ఉన్న అమ్మాయి చెప్పింది. పార్వోలా ఉంది, అడ్మిట్ చేయాలి, రోజుకి రెండు వేల అయిదొందలు అవుతుంది, కనీసం అయిదు రోజులు, ముందుగా అయిదు వేలు కట్టాలి. అప్పుడు నా పర్సులో పద్ధెనిమిది వందలున్నాయి. నెలాఖరు. నేను ప్రైవేటు స్కూల్లో టీచర్ని, మా ఆయనది ఆటోనగర్లో స్పేర్ పార్ట్స్ షాపులో ఉద్యోగం. ఆ అమ్మాయి మొహం, పక్కన కూర్చున్న పెద్దావిడ మొహం చూసి నేను అన్న మాట ఇది: "మా ఆయన్ని అడిగి వస్తానండీ."

ఇలాంటి చోట ఈ మాట అన్నవాళ్ళు మళ్ళీ రారని కౌంటర్లో కూర్చునేవాళ్ళకి తెలుసు. అన్నవాళ్ళకీ తెలుసు. నేను వెళ్ళలేదు. ఇంట్లోనే గ్లూకోజ్ నీళ్ళు పట్టించాను. మందుల షాపులో అడిగి వాంతుల బిళ్ళ తెచ్చి అరముక్క వేశాను. అది కూడా కక్కేశాడు. మూడో రోజు తెల్లవారుజామున వాటర్ ఫిల్టర్ పక్కన చల్లటి గచ్చు మీద పడుకుని పోయాడు. మా అబ్బాయి అప్పుడు మూడో తరగతి. వాడికి స్కూలు నుంచి వచ్చాక చెప్పాం.

నేను ఇది రాయడానికి నాలుగేళ్ళు పట్టింది. ఈ నాలుగేళ్ళలో నాకు అర్థమైంది ఒక్కటే. బంటి ఒంట్లో ఉన్నది పార్వో వైరస్. కానీ వాడికి అందాల్సిన సెలైన్ అందకుండా అడ్డం పడ్డది నా సిగ్గు. "నా దగ్గర పద్ధెనిమిది వందలే ఉన్నాయి, దీనితో ఏం చేయగలరో చేయండి, మిగతాది ఎక్కడ దొరుకుతుందో చెప్పండి" అని ఆ అమ్మాయితో అని ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు. కనీసం డాక్టరు దాకా వెళ్ళేదాన్ని. అసలు డాక్టరుగారిని నేను చూడనేలేదు.

పార్వో గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే మన ఇళ్ళల్లో చాలా కుక్కపిల్లలు దీనితోనే పోతాయి. ఆ వైరస్ పేగు లోపలి పొరను దెబ్బతీస్తుంది, తెల్ల రక్తకణాల్ని పడగొడుతుంది. దాన్ని నేరుగా చంపే మందు మన ఊళ్ళలో దొరకదు. చేసేదల్లా పిల్ల ఒంట్లో నీళ్ళు, ఉప్పులు పోకుండా సెలైన్ ఎక్కించడం, వాంతులు ఆపడం, పేగు నుంచి వేరే క్రిములు రక్తంలోకి పోకుండా యాంటీబయాటిక్ ఇవ్వడం. అంటే వైద్యమంతా కాలంతో పందెం. వైద్యమే లేకపోతే పదింట్లో తొమ్మిది దాకా పోతాయి. తొందరగా మొదలుపెడితే ఎక్కువ పిల్లలు బతుకుతాయి. నేను పోగొట్టుకున్న రెండు రోజులు ఎలాంటి రోజులో ఇప్పుడు మీకు అర్థమవుతుంది. ఇంకో సంగతి. ఆ వైరస్ ఇంట్లో, పెరట్లో నెలల తరబడి బతుకుతుంది, మామూలు ఫినాయిల్‌కి లొంగదు. బ్లీచింగ్ నీళ్ళతో కడగాలి. కడిగినా, టీకాలు పూర్తికాని పిల్లని అదే చోటికి తొందరపడి తేకూడదు. ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదటి టీకా, తర్వాత నాలుగు నెలలు నిండేదాకా మూడు నాలుగు వారాలకోసారి. బంటికి ఒక్కటీ వేయించలేదు. టీకా డబ్బులు వచ్చే నెల చూద్దాం అనుకున్నాం.

ఇక ఆ పెద్దావిడ మాట. ఆవిడ చెడ్డ మనిషి కాదు. తన కుక్క కోసం తనూ కంగారుగానే ఉంది. ఆ మాట చాలామంది నమ్మేదే, నేనూ ఒకప్పుడు నమ్మిందే. కారు కొనలేనివాడు కొనడు, కుక్కా అంతే అని. కానీ మా సింగ్ నగర్ సందుల్లోకి వచ్చి చూడండి. ఇక్కడ కుక్కని కొన్నవాళ్ళు ఎంతమంది? టీ కొట్టు దగ్గరున్న ఎర్ర కుక్క ఎవరిది? రాత్రిళ్ళు ఆ కొట్టుని కాచేది అదే, దానికి పాలు పోసేది కొట్టు బాబాయ్, అన్నం పెట్టేది పక్కింటివాళ్ళు. కుట్టు మిషను పెట్టుకున్న మా ఎదురింటి అక్క దగ్గరికి పిల్లి తనంతట తనే వచ్చి గుడ్డముక్కల బుట్టలో ఈనింది. మన దగ్గర జంతువులు చాలా వరకు ఇంటికి ఇలాగే వస్తాయి. ముందు బ్యాంకు పుస్తకం చూసి, తర్వాత గిన్నెలో అన్నం పెట్టడం ఎవరూ చేయరు. పెట్టకపోతే అవి సుఖంగా ఉంటాయా? డ్రైన్ పక్కన అదే జబ్బుతో పోతాయి, చూసే మనిషి లేకుండా.

1917లో, మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తుండగా, లండన్‌లో పేదలుండే వైట్‌చాపెల్ పేటలో మరియా డికిన్ అనే ఆవిడ ఒక నేలమాళిగలో జంతువులకి ఉచిత వైద్యశాల తెరిచింది. జబ్బు చేసిన జంతువుల్ని తీసుకురండి, బాధపడనివ్వకండి, వైద్యమంతా ఉచితం అని బయట బోర్డు పెట్టింది. అదే పీడీఎస్ఏ అనే సంస్థ అయింది, నూరేళ్ళు దాటినా నడుస్తోంది. ఆ పేటలో మనుషులకే తిండి చాలని రోజులవి. "మీరెందుకు పెంచుతున్నారు" అని ఆవిడ వాళ్ళని అడగలేదు. నాకు ఆవిడ మీద ఉన్న గౌరవం అక్కడే మొదలైంది.

బంటి పోయాక ఇంకెప్పుడూ పెంచకూడదు అనుకున్నాం. 2024 సెప్టెంబరు ఒకటో తేదీన బుడమేరు వాగు పొంగి మా మీద పడింది. విజయవాడ వాళ్ళకి చెప్పక్కర్లేదు. మేం మొదటి అంతస్తులో అద్దెకుంటాం. కింద ఓనరు పిన్నిగారి ఇల్లు మునిగి వాళ్ళు కూడా మా దగ్గరికి వచ్చేశారు. ఆ సాయంత్రం మెట్ల మీద, నీళ్ళకి రెండు మెట్లు పైన, ఒక ఆడ కుక్కపిల్ల నిలబడి వణుకుతోంది. కరెంటు లేదు, తాగే నీళ్ళు లేవు, పడవలో వచ్చిన పులిహోర పొట్లాలు తొమ్మిది మందిమి పంచుకుంటున్నాం. పిన్నిగారు తన పొట్లంలోంచి ముందుగా దానికి తీసిపెట్టారు. మా అబ్బాయి దానికి బుడమ్మ అని పేరు పెట్టాడు. నీళ్ళు తీసి మేం ఇల్లు కడుక్కునే సరికి అది మా ఇంటిదైపోయింది. ఇప్పుడు చెప్పండి, ఆ మెట్ల మీద నేను స్తోమత లెక్క వేసుకోవాల్సిందా?

ఈసారి టీకాలు మాత్రం వరసగా వేయించాను, చీటీ డబ్బుల్లోంచి తీసి.

కిందటేడాది ఏప్రిల్లో బుడమ్మ తిండి మానేసింది. రెండో రోజు ముక్కులోంచి రక్తం చుక్కలు. చిగుళ్ళు చూస్తే తెల్లగా పాలిపోయి ఉన్నాయి. నాకు టెన్షన్‌తో చేతులు వణికాయి, బంటి గుర్తొచ్చాడు. కానీ ఈసారి ఒక నియమం పెట్టుకుని ఉన్నాను. ఎవరి దగ్గరికి వెళ్ళినా మొదటి వాక్యంలోనే డబ్బు సంగతి చెప్పాలని.

గన్నవరంలో వెటర్నరీ కాలేజీ ఉంది. తిరుపతి శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కింద నడిచే ఎన్టీఆర్ పశువైద్య కళాశాల. మెడికల్ కాలేజీకి పెద్దాసుపత్రి ఉన్నట్టే వెటర్నరీ కాలేజీకి కూడా ఆసుపత్రి ఉంటుంది, పిల్లలు నేర్చుకోవాలి కదా. గేదెలతో పాటు కుక్కల్ని, పిల్లుల్ని కూడా చూస్తారు. తిరుపతిలో, ప్రొద్దుటూరులో, గరివిడిలో కూడా ఇలాంటి కాలేజీలు ఉన్నాయి. తెలంగాణలో రాజేంద్రనగర్, కోరుట్ల, వరంగల్ దగ్గర మామునూరు. హైదరాబాదు వాళ్ళకి నారాయణగూడలో ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల ఉంది. ఇదంతా ఎవరైనా 2021లో నాకు చెప్పి ఉంటే! సర్కారు పశువుల ఆసుపత్రి అంటే గేదెలకీ మేకలకీ మాత్రమే అనుకునేదాన్ని నేను. మా స్టాఫ్ రూములో అడిగితే ఎనిమిది మందిలో ఆరుగురు ఇప్పటికీ అలాగే అనుకుంటున్నారు.

అక్కడ డాక్టరుగారు పేరు, వయసు అడిగేలోపే అన్నాను: "సార్, నా దగ్గర రెండు వేలున్నాయి. ఇంకో వెయ్యి రేపటికి తేగలను. అంతకు మించితే ముందే చెప్పండి."

ఆయన తలెత్తి చూశారు. నేను భయపడిన చూపు అది కాదు. "సరేనమ్మా, అయితే ముందు అవసరమైనవి చూద్దాం" అన్నారు. జ్వరం చూశారు, నూట నాలుగు. చెవుల వెనక, కాలివేళ్ళ మధ్య వెతికి రెండు పిడుదుల్ని పీకి నాకు చూపించారు. చెవి అంచు నుంచి రక్తం చుక్క తీసి గాజు పలక మీద పూసి మైక్రోస్కోపులో చూశారు. పిడుదుల వల్ల వచ్చే జ్వరం, ఎర్లీకియా అన్నారు. రక్తం గడ్డకట్టించే కణాలు పడిపోయాయి, అందుకే ముక్కులోంచి కారుతోంది. స్కానింగ్, కిడ్నీ లివరు పరీక్షలు కూడా ఉంటే మంచిదే కానీ మూడు రోజుల్లో మందుకి తేరుకోకపోతే అప్పుడు చేద్దాం అన్నారు. డాక్సీసైక్లిన్ రాశారు. మనుషులకి వాడే మందే, మోతాదు మాత్రం కుక్క బరువుని బట్టి. కంపెనీ పేరుతో కాకుండా మందు పేరుతో రాయమని అడిగితే అలాగే రాశారు. జనరిక్ మందులు చవగ్గా అమ్మే జన ఔషధి షాపులో కొన్నాను. ఇరవై ఎనిమిది రోజులు, అన్నం పెట్టాక వేసి వెంటనే నీళ్ళు తాగించాలి, లేకపోతే గొంతులో పుండు పడుతుంది. మధ్యలో లేచి తిరుగుతోంది కదా అని ఆపకూడదు.

మూడో రోజు లేచి గిన్నె నాకింది. మొత్తం నెల ఖర్చు రెండు వేల రెండొందలు. అందులో మందులకీ పరీక్షకీ అయింది సగం కంటే తక్కువ. మిగతాదంతా ఆటోకి. ఎవరూ లెక్కలోకి తీసుకోని ఖర్చు ఇది. కుక్కని బస్సు ఎక్కనివ్వరు. జబ్బు చేసిన కుక్కని బండి మీద ఎండలో ఇరవై కిలోమీటర్లు తీసుకెళ్ళలేం. సర్కారు వైద్యం చవకే, అక్కడికి చేరడమే ఖరీదు.

అందుకే చెప్తున్నాను, డబ్బు సంగతి మొదటే చెప్పండి. బతిమాలక్కర్లేదు, కథ చెప్పక్కర్లేదు, అంకె చెప్పండి చాలు. డాక్టరుకి అంకె తెలిస్తే దాని లోపల ఆలోచించగలరు. తెలియకపోతే పుస్తకంలో ఉన్న పద్ధతి అంతా చెప్తారు, అది వాళ్ళ బాధ్యత. "వీటిలో ఇవాళే జరగాల్సింది ఏది, రేపటికి ఆగేది ఏది?" అని అడగండి. "అడ్మిట్ చేయకుండా రోజూ తెచ్చి సెలైన్ పెట్టించుకోవచ్చా?" అని అడగండి. మందుల చీటీ రాయించుకోండి. ఎవరైనా డబ్బు సాయం చేస్తామంటే నేరుగా ఆసుపత్రికే కట్టమనండి, ఇచ్చేవాళ్ళకీ మనకీ మనసు తేలికగా ఉంటుంది. బతికే దారి లేదని డాక్టరు అంటే, బాధ లేకుండా పంపించే మార్గం గురించి అడగడానికి కూడా భయపడకండి. పదహారేళ్ళ ముసలి కుక్కకి కిడ్నీలు పోయినప్పుడు మా వదిన ఆ మాట అడగలేక పన్నెండు రోజులు దాని మూలుగు వింటూ కూర్చుంది.

డబ్బు లేనప్పుడు మనం చేసే అతి ప్రమాదకరమైన పని ఇంట్లో ఉన్న మనుషుల మాత్ర వేయడం. పిల్లికి పారాసిటమాల్ విషం. ఒక్క బిళ్ళ చాలు చంపడానికి. కుక్కకి ఒళ్ళు నొప్పులని ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వేస్తే కడుపులో పుళ్ళు పడి రక్తం కక్కుతుంది, కిడ్నీలు పోతాయి. నేను బంటికి వేసిన అరముక్క బిళ్ళ ఏ మందో నాకు ఇప్పటికీ తెలియదు.

ప్రైవేటు డాక్టర్ల మీద నాకు కోపం లేదు. మొదట్లో ఉండేది. కానీ మన ఆపరేషన్ల అసలు ఖరీదు మనకి తెలియదు. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక చాలా ఇళ్ళల్లో గుండె ఆపరేషనైనా చేతి నుంచి పైసా కట్టకుండానే జరిగింది. మా నాన్నగారికీ అలాగే జరిగింది. కుక్క దగ్గరికి వచ్చేసరికి ఎక్స్‌రే, మత్తుమందు, కుట్లు, ఆసుపత్రి అద్దె, అన్నీ ఒకేసారి మన చేతికి బిల్లుగా వస్తాయి. మనిషికి వెనక ప్రభుత్వం నిలబడింది. కుక్క వెనక మనం ఒక్కళ్ళమే.

అక్కడే ప్రభుత్వాన్ని కూడా అడగాలి. జంతువుల వైద్యం చూసే శాఖ పేరే పశుసంవర్ధక శాఖ. పశువుల్ని వృద్ధి చేయడం దాని పని. పాడి, మాంసం, రైతు ఆదాయం చుట్టూ అల్లిన వ్యవస్థ, అది అవసరమే, కాదనను. గేదె చచ్చిపోతే ఒక కుటుంబం రోడ్డున పడుతుంది. 1962 నంబరుకి ఫోన్ చేస్తే ఇంటి ముందుకి వచ్చే సంచార పశువైద్య వాహనాలు తెలంగాణలో 2017లో, ఆంధ్రలో 2022లో మొదలయ్యాయి. పల్లెల్లో పాడి రైతులకి అవి ఎంత ఆసరానో మా అత్తగారి ఊళ్ళో కళ్ళారా చూశాను. పశువుల జనరిక్ మందులు చవగ్గా అందించే పశు ఔషధి అనే పథకానికి 2025 మార్చిలో కేంద్ర కేబినెట్ ఒప్పుకుంది. ఇవన్నీ ఉన్నాయి. మరి పట్నంలో అద్దె ఇంటి కుక్కకి ఏముంది? మనుషులకి ఇన్ని ఆసుపత్రులున్న నగరంలో సాయంత్రం ఆరు తర్వాత కుక్కకి సెలైన్ పెట్టే సర్కారు చోటు నాకు దొరకలేదు. ప్రతి జిల్లా కేంద్రంలో రాత్రిపూట కూడా తెరిచి ఉండే ఒక్క పశువైద్యశాల, అందులో పార్వో టీకా, సెలైన్, రక్తం పరీక్ష. నేను అడిగేది ఇంతే.

చట్టం సంగతి కూడా చూడండి. జంతువుని ఆకలికీ దాహానికీ వదిలేయడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం ప్రకారం నేరం. మొదటిసారికి జరిమానా పది రూపాయల నుంచి యాభై దాకా. జబ్బు చేసిన కుక్కని రాత్రిపూట రైల్వే ట్రాక్ అవతల వదిలి వచ్చిన ఒక కుటుంబం నాకు తెలుసు. వాళ్ళు కఠినాత్ములు కాదు. ఇంట్లో ఆడపిల్ల పురిటి ఖర్చులు, ఇటు కుక్క తొడ మీద గడ్డ. వాళ్ళకి జరిమానా పెంచితే ఆ గడ్డ తగ్గదు. పొద్దున్నే తీసుకెళ్ళడానికి ఒక చోటు ఉందని తెలిసి ఉంటే వదిలేసేవాళ్ళు కాదని నా నమ్మకం. ఆ ఇంటావిడ ఇప్పటికీ ఆ ట్రాక్ వైపు నడవదు.

జూలై 6న, పాశ్చర్ 1885లో మొదటి రేబీస్ టీకా వేసిన రోజున, సర్కారు పశువుల ఆసుపత్రుల్లో కుక్కలకి రేబీస్ టీకా ఉచితంగా వేస్తారు. మనుషుల ప్రాణం కూడా దానితో ముడిపడి ఉంది కాబట్టి ఆ ఒక్క రోజు కుక్క గురించి అందరూ ఆలోచిస్తారు. కిందటిసారి మా సందు నుంచి బుడమ్మ, టీ కొట్టు ఎర్ర కుక్క, ఇంకో నాలుగు వెళ్ళాయి. ఆటో ఖర్చు ఇంటికి యాభై చొప్పున వేసుకున్నాం. కుక్క లేని ఇళ్ళవాళ్ళు కూడా ఇచ్చారు. అందులో మిగిలిన మూడొందల నలభై పిన్నిగారి దగ్గర హార్లిక్స్ సీసాలో ఉంది. ఎవరి జంతువుకి బాగోకపోయినా ముందు ఆటోకి అందులోంచి తీస్తాం, తర్వాత వీలైనప్పుడు వేస్తారు, వేయకపోతే ఎవరూ అడగరు.

మొన్న రాత్రి పదింటికి ఎదురింటి కుట్టు మిషను అక్క మెట్లెక్కి వచ్చింది. ఆ గుడ్డముక్కల బుట్టలో పుట్టిన మగపిల్లి మూత్రం పోయలేక అరుస్తోందని. మగపిల్లికి మూత్రం ఆగితే తెల్లారేదాకా ఆగకూడదని బుడమ్మ పుణ్యమా అని నేర్చుకున్నాను. ఒక ప్రైవేటు డాక్టరుగారికి ఫోన్ కలిపి ఆమెకిచ్చాను. ఆమె ఒకసారి నా వైపు చూసి, గొంతు సవరించుకుని, "సార్, నా దగ్గర ఏడొందలున్నాయండీ" అంది. అవతల నుంచి ఆయన ఏమన్నారో నాకు వినబడలేదు. పిన్నిగారు అప్పటికే సీసా మూత తీస్తున్నారు.